ప్రియుల వలన కలిగే శోకం: హెన్రీ పేద్రిస్ సంస్మరణ

(సంఘ సంస్మరణ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ సభలో మాట్లాడవలసిందని కార్యవర్గం వారు కోరినప్పుడు విషయాన్ని మా ఇష్టానికే వదిలిపెట్టారు. బౌద్ధ పునరుజ్జీవన చరిత్రలో దీర్ఘకాలం జీవించి సేవ చేసిన మహనీయులను మనం తరచుగా తలచుకుంటాం. అనగారిక ధర్మపాల, ఆచార్య లక్ష్మీనరసు, రాహుల్ సాంకృత్యాయన్, అందరికంటె మిన్నగా బాబాసాహెబ్ అంబేడ్కర్ మన సభలలో నిత్యం వినిపించే పేర్లు. కాని ఒక సమాజం ధర్మంలో ఎంతవరకు ఎదిగిందో తెలియాలంటే అది తన మహనీయులను ఎలా పూజించిందో చూస్తే చాలదు. నిండు యౌవనంలో పోయిన తన బిడ్డలను అది ఎలా తలచుకున్నదో కూడా చూడాలి. అందుచేత ఇరవై ఆరేళ్ల వయస్సులో ప్రాణం కోల్పోయిన ఒక సింహళ యువకుని జీవితాన్ని ఈనాటి ప్రసంగానికి ఎంచుకున్నాము. ఆయన పేరు దువెనుగె ఎడ్వర్డ్ హెన్రీ పేద్రిస్. 1888 ఆగస్టు 16న పుట్టి, 1915 జూలై 7న కొలంబోలోని వెలికడ కారాగారంలో తుపాకి గుండ్లకు బలి అయినవాడు.

ఎక్కడో కొలంబోలోని యువకుడు మనకేమవుతాడని ఎవరైనా అడగవచ్చు. నాగార్జునకొండ శాసనాలు చదివినవారికి ఆ సందేహం రాదు. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని కాలంలో, అంటే క్రీస్తు శకం మూడవ శతాబ్దంలో, బోధిశ్రీ అనే ఉపాసిక వేయించిన శాసనం అక్కడ దొరికింది. అందులో తంబపణ్ణికి చెందిన థేరవాద ఆచార్యుల ప్రస్తావన ఉన్నది. సింహళ విహారమనే పేరూ ఉన్నది. తంబపణ్ణి అంటే సింహళ ద్వీపమే. కృష్ణానది ఒడ్డున ఆ ద్వీపవాసులకు ఒక విహారం ఉండేది. వారి భిక్షాపాత్రలో మన ఊళ్ల అన్నం పడింది. సముద్రానికి ఆవల ఉన్నా వారు మనకు ధర్మబంధువులు. బంధువుల ఇంట చావు జరిగితే పరామర్శకు పోవడం మన వాడుక. వంద సంవత్సరాలు దాటిన తరువాతనైనా ఈ పరామర్శ చేయదగినదే.

హెన్రీ పేద్రిస్ సంపన్న వర్తక కుటుంబంలో పుట్టాడు. జన్మస్థలం గాలె. తండ్రి డి. డి. పేద్రిస్ ఆనాటి కొలంబోలో పేరు మోసిన వర్తకుడు. బౌద్ధ కుటుంబం. కొడుకు మంచి పాఠశాలల్లో చదివాడు. ఆటల్లో ఆసక్తి, గుర్రపు స్వారీలో నేర్పు ఉన్నవాడు. వ్యాపారం చూసుకుంటూ సుఖంగా కాలం గడపగల స్థితి ఆయనది. 1914లో ప్రపంచ యుద్ధం మొదలైన తరువాత నగర రక్షణ కోసం కొలంబో టౌన్ గార్డ్ అనే స్వచ్ఛంద దళం ఏర్పడింది. హెన్రీ అందులో చేరాడు. సింహళీయులకు అధికారి హోదా అరుదుగా దక్కే ఆ దినాల్లో ఆయన త్వరలోనే కెప్టెన్ అయ్యాడు. బ్రిటిష్ రాజు పేరిట యూనిఫాం తొడుక్కున్న ఆ యువకుణ్ణి ఏడాది తిరగకముందే అదే రాజు పేరిట రాజద్రోహి అన్నారు.

అది ఎలా జరిగిందో చెప్పాలంటే 1915 మే నెల నాటి ఘటనలను చెప్పాలి. ఈ భాగాన్ని దాచకుండా చెప్పడం చరిత్ర బోధించేవారి ధర్మం.

గంపొల పట్టణంలో ఒక దేవాలయ ఊరేగింపు మసీదు ముందు వాద్యాలు మ్రోగిస్తూ సాగవచ్చునా, మౌనంగా సాగాలా అన్న వివాదం కొన్ని సంవత్సరాలుగా నడుస్తున్నది. 1915 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఊరేగింపు పక్షానికి వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. సింహళీయుల్లో అసంతృప్తి పెరిగింది. యుద్ధకాలంలో సరుకుల ధరలు పెరిగాయి. చిల్లర వర్తకంలో దక్షిణ భారత తీరం నుంచి వచ్చిన ముస్లిం వర్తకులు ఎక్కువగా ఉండేవారు. ధరల మీది కోపం వారి మీదికి మళ్లింది. ఆ ఏడాది వైశాఖ పూర్ణిమ మే 28న వచ్చింది. ఆ రాత్రి కాండీ నగరంలో భక్తిగీతాలు పాడుతూ సాగిన బౌద్ధుల ఊరేగింపు ఒక మసీదు దగ్గరకు చేరినప్పుడు ఘర్షణ రేగింది. కొద్ది రోజుల్లో అది పడమటి, దక్షిణ ప్రాంతాలకు పాకింది. ముస్లింల దుకాణాలు దోపిడి అయ్యాయి. ఇళ్లు కాలాయి. మసీదులు ధ్వంసమయ్యాయి. మనుషులు చనిపోయారు.

బుద్ధ భగవానుని జననాన్ని, సంబోధిని, మహాపరినిర్వాణాన్ని స్మరించే పూర్ణిమ నాడు ఈ హింస మొదలైంది. చేసినవారిలో అధికులు తమను బౌద్ధులమని చెప్పుకునేవారు. హెన్రీ పేద్రిస్‌కు జరిగిన అన్యాయాన్ని చెప్పబోయే ముందు ఈ మాట చెప్పకపోతే మన సంస్మరణలో సమ్యక్ వాచ ఉండదు.

జూన్ 2న ప్రభుత్వం సైనిక శాసనం విధించింది. అది ఆగస్టు చివరి వరకు సాగింది. అల్లర్లు కొద్ది రోజుల్లోనే అణగిపోయినా అధికారుల కాఠిన్యం అణగలేదు. ఇది జర్మనీ ప్రేరేపించిన కుట్ర అని, బౌద్ధ నాయకులు వెనుక నుంచి నడిపిన తిరుగుబాటు అని వారు అనుమానించారు. మద్యనిషేధోద్యమంలో పని చేస్తున్న పెద్దలను వరుసగా నిర్బంధించారు. ఎఫ్. ఆర్. సేనానాయక, ఆయన సోదరుడు డి. ఎస్. సేనానాయక, డి. బి. జయతిలక, డబ్ల్యు. ఎ. డి సిల్వా, అనగారిక ధర్మపాల సోదరులు వారిలో ఉన్నారు. ధర్మపాల తమ్ముడు ఎడ్మండ్ హేవావితరణ జైలులోనే జబ్బుపడి ఆ సంవత్సరమే మరణించాడు. కలకత్తాలో ఉన్న ధర్మపాలను అక్కడే కొన్ని సంవత్సరాలు నిర్బంధంలో ఉంచారు. తమ్ముని చావుకు అన్న వెళ్లలేకపోయాడు.

అల్లరి మూకలు కొలంబో వైపు వచ్చినప్పుడు నగర రక్షణ బాధ్యత ఉన్నవారిలో కెప్టెన్ పేద్రిస్ ఒకడు. జనాన్ని మాటలతో శాంతింపజేసి తిప్పి పంపే ప్రయత్నం చేశాడని ఆయన పక్షాన మాట్లాడినవారు చెప్పారు. ముస్లింల మీద తుపాకి కాల్చాడని, జనాన్ని ఉసిగొల్పాడని అధికారులు ఆరోపించారు. ఆ ఆరోపణలను సైనిక న్యాయస్థానం కొద్ది రోజుల్లోనే విచారించి ముగించింది. రాజద్రోహం మొదలైన నేరాలకు మరణశిక్ష విధించింది. మామూలు కోర్టులో ఉండే జ్యూరీ అక్కడ లేదు. పై కోర్టుకు అప్పీలు లేదు. నగర ప్రముఖులు ప్రాణభిక్ష కోరుతూ చేసిన విన్నపాలు ఫలించలేదు. జూలై 7 ఉదయం ఆయనను వెలికడలో కాల్చి చంపారు. మరి నలభై రోజులు గడిస్తే ఆయనకు ఇరవై ఏడేళ్లు నిండేవి.

అదే జైలులో నిర్బంధంలో ఉన్న నాయకులకు ఆయనను కూర్చోబెట్టి కాల్చిన కుర్చీని రక్తపు మరకలతో సహా చూపించారని, తరువాతి వంతు మీదేనని బెదిరించారని శ్రీలంకలో చెప్పుకుంటారు. ఆనాడు ఆ జైలులో ఉన్న డి. ఎస్. సేనానాయక 1948 ఫిబ్రవరి 4న స్వతంత్రమైన ఆ దేశానికి మొదటి ప్రధానమంత్రి.

ఇంతవరకు చెప్పినది వలస పాలకుల దౌర్జన్యానికి సంబంధించిన కథగా కనిపిస్తుంది. మన ఉపఖండంలో ఇటువంటివి అనేకం. ఈ కథను బౌద్ధులు ప్రత్యేకంగా వినవలసిన కారణం ఇప్పుడు చెప్పబోయే భాగంలో ఉన్నది.

1915లో సింహళ ద్వీపానికి గవర్నరు సర్ రాబర్ట్ చామర్స్. ఆయన సామాన్య అధికారి కాడు. పాళీ భాషలో పేరెన్నిక గన్న పండితుడు. జాతక కథల ఆంగ్లానువాదంలో 1895లో వెలువడిన మొదటి సంపుటం ఆయనదే. పాళీ టెక్స్ట్ సొసైటీ ప్రకటించిన మజ్ఝిమ నికాయ మూల గ్రంథంలో రెండవ, మూడవ సంపుటాలను పరిష్కరించినవాడు ఆయనే. వేర్వేరు ప్రతులను పోల్చి, ఒక్కొక్క పాఠాంతరాన్ని పరిశీలించి, బుద్ధవచనాన్ని అక్షరం అక్షరంగా అచ్చుకు సిద్ధం చేసిన చేయి అది. బౌద్ధుల గ్రంథాలను అంత బాగా ఎరిగిన గవర్నరు ఆ ద్వీపానికి రావడం అరుదైన విషయం. ఆయన పాలనలోనే బౌద్ధ యువకుడైన హెన్రీ పేద్రిస్ కాల్చివేత జరిగింది.

చామర్స్ పరిష్కరించిన రెండవ సంపుటంలో రెండు సూత్రాలు పక్కపక్కనే ఉంటాయి. మొదటిది అంగులిమాల సూత్రం. అనేకులను చంపిన దొంగను పట్టుకోవడానికి పసేనది మహారాజు ఐదు వందల గుర్రాల దండుతో బయలుదేరతాడు. దారిలో బుద్ధుని దర్శిస్తాడు. ఆ దొంగ మారి భిక్ఖువైతే నీవు ఏమి చేస్తావని భగవానుడు అడుగుతాడు. నమస్కరించి చీవరాలు సమర్పిస్తానంటాడు రాజు. అప్పుడు భగవానుడు పక్కనే కూర్చున్న అంగులిమాలుని చూపిస్తాడు. దండంతో, శస్త్రంతో తాను లొంగదీయలేని వానిని భగవానుడు అవేమీ లేకుండా లొంగదీశాడని రాజు ఆశ్చర్యపడి, దండును వెనక్కి మళ్లించి వెళ్లిపోతాడు. నేరం నిస్సందేహమైన హంతకుని విషయంలో ఆ రాజు చూపిన నిదానం ఆ గ్రంథంలో ఉన్నది. నేరం సరిగా రుజువు కాని యువకుని విషయంలో ఆ గ్రంథ పరిష్కర్త పాలన ఆ నిదానం చూపలేదు.

రెండవది పియజాతిక సూత్రం. సావత్థిలో ఒక గృహస్థునికి ప్రియమైన ఒక్కగానొక్క కొడుకు చనిపోతాడు. తండ్రికి పని మీద మనస్సు నిలవదు, అన్నం సహించదు. శ్మశానానికి పోయి నా బిడ్డా ఎక్కడున్నావని ఏడుస్తాడు. అతడు భగవానుని వద్దకు వచ్చినప్పుడు, ప్రియమైనవారి వలననే శోకమూ దుఃఖమూ కలుగుతాయని భగవానుడు చెబుతాడు. ఆ మాట తండ్రికి రుచించదు. ప్రియుల వలన ఆనందం కదా కలిగేది అంటూ లేచిపోతాడు. పాచికలాడేవారు అతని మాటే నిజమని సమర్థిస్తారు. ఆ సంగతి రాజభవనం దాకా పోతుంది. చివరకు మల్లికాదేవి తన భర్త పసేనదిని అడుగుతుంది: మన కూతురు వజీరికి ఏదైనా జరిగితే మీకు ఎలా ఉంటుందని. రాజుకు అప్పుడు అర్థమవుతుంది. భగవానుడున్న దిక్కుకు తిరిగి చేతులు జోడిస్తాడు. ఊరివారి బిడ్డ చావును తన బిడ్డ మీద పెట్టుకుని చూసుకున్న తరువాతనే రాజుకు ధర్మం తెలిసింది.

ఇక తేదీలను గమనించండి. రాబర్ట్ చామర్స్‌కు ఇద్దరు కుమారులు. ఇద్దరూ ఐరోపా యుద్ధంలో సైనికాధికారులు. ఇద్దరూ 1915 మే నెలలోనే ప్రాణాలు కోల్పోయారు. కాండీలో ఊరేగింపు సాగిన నెల అది. కొడుకులిద్దరినీ పోగొట్టుకున్న తండ్రి ఆ ద్వీపంలో అత్యున్నత అధికారంలో ఉండగా, మరి కొద్ది వారాలకు మరొక తండ్రి కొడుకును కాల్చి చంపారు. శోకం ఆయనను కఠినుణ్ణి చేసిందా, ఎదుటి తండ్రి ముఖం ఆయనకు కనిపించనంతగా కళ్లు మూసిందా అన్నది నిర్ణయించడానికి మనకు ఆధారం లేదు. ఒకరి మనస్సులోని సంగతులను ఊహించి తీర్పు చెప్పడం చరిత్ర కాదు. ఆయన ఆ సంవత్సరాంతానికే పదవి విడిచి వెళ్లాడు. 1926, 1927 సంవత్సరాల్లో మజ్ఝిమ నికాయ పూర్తి ఆంగ్లానువాదాన్ని రెండు సంపుటాలుగా ప్రకటించాడు. కొడుకును పోగొట్టుకున్న సావత్థి తండ్రి కథను, అంటే, ఆయన తన సొంత కుమారులు పోయిన తరువాత తన భాషలోకి తెచ్చుకున్నాడు. ఈ ఒక్క వాస్తవమే చాలు. దానికి వ్యాఖ్య అక్కరలేదు.

దీని నుంచి మనం గ్రహించవలసినది ఒకటే. సూత్రాన్ని చదవడం ఒకటి, దాని ముందు తలవంచడం మరొకటి. మనం నవదీక్షితులం. మన ఇళ్లలో త్రిపిటక అనువాదాలు ఇప్పుడిప్పుడే చేరుతున్నాయి. గ్రంథాలు చేరడం సంతోషమే. వాటిని అచ్చు వేసినవారి కంటె వాటి ప్రకారం నడుచుకునేవారే ఎప్పుడూ తక్కువమందని కూడా మనం గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు రెండవ తండ్రి సంగతి. డి. డి. పేద్రిస్ ధనవంతుడు, పలుకుబడి కలవాడు. అటువంటి మనిషి కొడుకును పోగొట్టుకుని కక్షతో శేష జీవితం గడిపి ఉంటే లోకం ఆయనను తప్పుపట్టేది కాదు. ఆయన కొడుకు స్మృతికి కొలంబోలోని హేవ్‌లాక్ టౌన్‌లో ఒక విహారం కట్టించాడు. దాని పేరు ఇసిపతనారామ. ఇసిపతనం అంటే మన సారనాథ్. సంబోధి పొందిన తరువాత భగవానుడు తొలిసారి ధర్మచక్రాన్ని తిప్పిన చోటు. తనను విడిచిపోయిన ఐదుగురు సహచరులను వెదుక్కుంటూ ఆయన నడిచిపోయిన చోటు. అక్కడ ఆయన చెప్పిన మొదటి సత్యం దుఃఖం. చివరిది దుఃఖం నుంచి వెలుపలికి వచ్చే మార్గం. కొడుకును పోగొట్టుకున్న తండ్రి కట్టించిన విహారానికి ఇంతకంటె తగిన పేరు మరొకటి దొరకదు.

ఆ విహారం ఈనాటికీ ఉన్నది. దగ్గరలోని వీధికి హెన్రీ పేద్రిస్ పేరు ఉన్నది. తండ్రి శోకం దానంగా మారింది. ఆ దానంలో ఎన్నడూ హెన్రీని చూడనివారు కూడా భాగస్వాములు. శుద్ధోదనుని మాట ఇక్కడ స్ఫురిస్తుంది. రాహులుడు కూడా ప్రవ్రజించిన తరువాత ఆ వృద్ధుడు భగవానుని వద్దకు వచ్చి, బిడ్డ మీది ప్రేమ చర్మాన్ని, మాంసాన్ని, ఎముకను కోసుకుంటూ మజ్జ దాకా పోతుందని, ఇకమీదట తల్లిదండ్రుల అనుమతి లేనిదే ఎవరికీ ప్రవ్రజ్య ఇవ్వవద్దని వేడుకుంటాడు. భగవానుడు అందుకు సమ్మతించి వినయ నియమం చేస్తాడు. తన శోకం మరొక ఇంటికి రాకుండా చూడడం ఆ తాత కోరిన కోరిక. బౌద్ధ సంస్కారంలో సంతాపానికి ఇదే ఆదర్శం.

హెన్రీ పక్షాన, సైనిక శాసనపు బాధితులందరి పక్షాన గొంతెత్తినవారు ఎవరో కూడా తెలుసుకోవాలి. శాసనసభలో పొన్నంబలం రామనాథన్ నిలబడి మాట్లాడాడు. ఆయన తమిళుడు, హిందువు. యుద్ధకాలపు సముద్రయానం చేసి లండన్ వెళ్లి న్యాయం అడిగాడు. ఆ అన్యాయాల మీద ఆంగ్లంలో ఒక గ్రంథం రాసి 1916లో లండన్‌లో ప్రకటించాడు. ఇ. డబ్ల్యు. పెరీరా అనే న్యాయవాది క్రైస్తవుడు. కాల్చివేతలకు సంబంధించిన ఒక రహస్య ఉత్తర్వును తన బూటు అడుగున దాచి ఇంగ్లండుకు చేర్చాడని చెబుతారు. అనగా ఆనాడు బౌద్ధుల కన్నీరు తుడిచినవారిలో బౌద్ధేతరులు ముందున్నారు.

అణచివేతలో పాల్గొన్న సైనికులలో మన ఉపఖండం వారే ఉన్నారు. పంజాబీ పటాలాన్ని ఆ పనికి వాడారు. నాలుగు సంవత్సరాలు తిరగకముందే, 1919 ఏప్రిల్‌లో, అదే పంజాబులో జలియన్‌వాలా బాగ్ కాల్పులు జరిగాయి. ఆ నెలలోనే అక్కడా సైనిక శాసనం వచ్చింది. ఒక ఊరి మీద ఎత్తిన తుపాకి ఆ ఊరితో ఆగదని చరిత్ర మళ్లీ మళ్లీ చెబుతున్నది.

ఇంత చెప్పిన తరువాత మన ముందు ఒక కఠినమైన ప్రశ్న మిగిలి ఉన్నది. హెన్రీ పేద్రిస్ అందరికీ గుర్తున్నాడు. 1915లో దుకాణం ముందు చనిపోయిన ముస్లిం వర్తకుని పేరు ఎవరికి గుర్తున్నది? అతనికీ ఒక తండ్రి ఉండే ఉంటాడు. తమిళ తీరంలోనో, మలబారు తీరంలోనో ఒక ఇంట్లో అతని కోసం ఎదురుచూసినవారు ఉండే ఉంటారు. సైనిక శాసనం కింద ప్రాణాలు పోయిన సామాన్య సింహళ గ్రామీణుల పేర్లు ఎవరికి గుర్తున్నాయి? వారికి విహారం కట్టించగల తండ్రులు లేరు. వారి పేర వీధులు లేవు. కెప్టెన్ పేద్రిస్ పేరు నిలిచింది, ఆయన పట్ల జరిగిన అన్యాయం ఘోరమైనది కనుక. దాన్ని నిలుపుకోగల స్తోమత ఆ కుటుంబానికి ఉన్నది కనుక కూడా. వాడల నుంచి వచ్చిన మనకు ఈ రెండవ కారణం ఇతరుల కంటె బాగా అర్థమవుతుంది. చరిత్ర పుటలకు ఎక్కకుండా పోయిన మన బిడ్డలు ఎందరో మనకే తెలుసు.

స్మృతి రెండు వైపులా పదును గల కత్తి. చంపబడిన బిడ్డను తలచుకుంటూ ఒక జాతి కరుణను నేర్చుకోవచ్చు, పగనూ నేర్చుకోవచ్చు. శ్రీలంక ఈ రెండింటినీ చూసింది. 2018 మార్చిలో అదే కాండీ జిల్లాలో మళ్లీ ముస్లింల ఇళ్లు, దుకాణాలు, మసీదులు మంటలకు గురి అయ్యాయి. మళ్లీ బౌద్ధం పేరు చెప్పుకున్నవారే ముందు నిలిచారు. హెన్రీ పేద్రిస్‌ను ఒక మతం మీద కోపానికి గుర్తుగా వాడేవారు ఆయన తండ్రి కట్టించిన విహారానికి అపచారం చేసినట్టే. మైత్రిని విడిచిన సంస్మరణ బౌద్ధ సంస్మరణ కానేరదు.

అదే కాండీ నగరంతో మన బాబాసాహెబ్‌కు ఒక సంబంధం ఉన్నది. 1950 మే నెలలో ప్రపంచ బౌద్ధ సమాఖ్య ఆవిర్భావ సభకు ఆయన అక్కడికి వెళ్లారు. బౌద్ధ దేశంలో ధర్మం ఎలా ఆచరణలో ఉన్నదో కళ్లారా చూడాలన్నది ఆయన కోరిక. ఆయన కూడా బిడ్డలను పోగొట్టుకున్న తండ్రి. ఐదుగురు సంతానంలో యశ్వంత్ ఒక్కడే దక్కాడు. ముద్దుల కొడుకు రాజరత్న 1926లో పసితనంలోనే కన్నుమూశాడు. ఆ శోకం నుంచి ఆయన కోలుకోవడానికి చాలా కాలం పట్టింది. ఆ మరుసటి సంవత్సరమే మహాడ్ చెరువు వద్ద వేలాది జనంతో కలిసి నీటి హక్కు కోసం నిలబడ్డారు. తన ఇంటి దీపాలు ఆరిపోయిన మనిషి లక్షల ఇళ్లలో దీపాలు వెలిగించే పనికి పూనుకున్నారు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో మనకు ధర్మాన్ని ఇచ్చిన చేతులు నలుగురు బిడ్డలను మట్టికి అప్పగించిన చేతులు. మన ధర్మ వారసత్వంలో ఆ దుఃఖం కూడా కలిసి ఉన్నది.

ఇక మన ఇళ్ల సంగతికి వద్దాం. ఈ సంఘ సభ్యుల కుటుంబాల్లో ఎదిగిన కొడుకును పోగొట్టుకున్నవారు ఈ సభలోనే ఉన్నారు. రోడ్డు ప్రమాదం, జబ్బు, చదువులో నిరాశ, కుల దౌర్జన్యం, కారణం ఏదైనా ఆ ఇంటి నిశ్శబ్దం ఒక్కటే. అటువంటి సమయంలో బంధువులు చేరి దినవారాలు జరపాలని, పిండం పెట్టకపోతే బిడ్డకు గతి ఉండదని భయపెడతారు. నవదీక్షిత కుటుంబం బలహీనపడే ఘడియ అది. ఇరవై రెండు ప్రతిజ్ఞలు చేసిన మనం శ్రాద్ధ కర్మలు చేయబోమని మాట ఇచ్చాం. చేయబోము అన్నంత మాత్రాన ఇంటికి ఓదార్పు దొరకదు. దాని స్థానంలో ఏమి చేస్తామో కూడా చెప్పుకోవాలి. హెన్రీ తండ్రి చేసిన పనిలో మనకు దారి ఉన్నది. అందుకు సంపద అక్కరలేదు.

బిడ్డ పోయిన ఇంట్లో త్రిశరణ పంచశీలాలు, పరిత్త పఠనం జరగాలి. సంఘ సభ్యులు మొదటి రోజునే కాదు, జనం రాకపోకలు తగ్గిన మూడవ నెలలోనూ ఆ గడప తొక్కాలి. బిడ్డ పేరిట ఒక దానం నిలవాలి. ఒక పేద విద్యార్థి పరీక్ష ఫీజు కావచ్చు, వాడలోని పఠనాలయానికి పది పుస్తకాలు కావచ్చు, చలివేంద్రం కావచ్చు. ఆ దాన ఫలాన్ని సమస్త జీవులకు పంచుతున్నామని చెప్పుకోవాలి. మరొక మాట చరిత్ర చదివినవారిగా ప్రత్యేకంగా కోరుతున్నాము. ఆ బిడ్డ జీవితాన్ని రాసి పెట్టండి. పుట్టిన తేదీ, చదివిన బడి, స్నేహితుల పేర్లు, చేసిన మంచి పని, రాసిన ఉత్తరం, దిగిన ఫోటో. నాలుగు కాగితాలైనా చాలు. అవి సంఘ కార్యాలయంలో భద్రంగా ఉండాలి. ధనికుల బిడ్డలకు వీధుల పేర్లు ఉంటాయి. మన బిడ్డలకు కనీసం ఒక దస్త్రం ఉండాలి. ఇక ఆ సంస్మరణ దినాన ఏ కులాన్నీ, ఏ మతాన్నీ తిట్టకూడదు. దోషిని చట్టం ముందు నిలబెట్టే పోరాటం చివరిదాకా చేద్దాం. సంస్మరణ వేదికను మాత్రం ద్వేషానికి ఇవ్వవద్దు.

కిసాగోతమి కథ మనందరికీ తెలిసినదే. చనిపోయిన బిడ్డను భుజాన వేసుకుని, చావు ఎరుగని ఇంటి నుంచి ఆవగింజలు తేవడానికి ఆ తల్లి ఊరంతా తిరిగింది. ఈ కథను మరణం అనివార్యమన్న నీతికి మాత్రమే మనం చెబుతుంటాం. ఆ తల్లి ఆ రోజు ఏమి చేసిందో కూడా గమనించాలి. ఆమె ఒక్కొక్క తలుపు తట్టింది. కులం అడగలేదు, మతం అడగలేదు. ప్రతి ఇంటివారూ తమ చావు కబురు ఆమెకు చెప్పారు. సాయంత్రానికి తన బిడ్డ ఒక్కడే పోలేదని ఆమెకు తెలిసింది. 1915లో కొలంబోలో ఎవరైనా అలా ఆవగింజల కోసం బయలుదేరి ఉంటే పేద్రిస్ ఇంటి తలుపు తట్టేవారు. కాలిపోయిన ముస్లిం వర్తకుని ఇంటి తలుపు తట్టేవారు. గవర్నరు భవనపు తలుపు కూడా తట్టేవారు. మూడు ఇళ్లలోనూ ఆవగింజలు దొరికేవి కావు.

హెన్రీ పేద్రిస్ జ్ఞాపకానికి, ఆ నెలల్లో అసువులు బాసిన ముస్లింలకు, పేర్లు మిగలని సింహళ గ్రామీణులకు, ఈ సభలోని తల్లిదండ్రులు పోగొట్టుకున్న బిడ్డలకు ఈ ధర్మశ్రవణ పుణ్యం చెందుగాక. సభాధ్యక్షుల అనుమతితో అందరం లేచి ఒక్క నిమిషం మౌనంగా మైత్రీభావన చేద్దాం.

సాధు, సాధు, సాధు. నమో బుద్ధాయ. జై భీమ్.